62 అనే బైటు గారికి

అయ్యా 62 గారూ,

తిరుపతి భవానీనగర్‌లో మేడమీద గదిలో కూర్చుని ఇన్‌స్ట్రక్షన్ పేర్లని బైట్లుగా మార్చే అసెంబ్లర్‌లోకీ, ఆ బైట్లని తిరిగి పేర్లుగా చదివే డిస్‌అసెంబ్లర్‌లోకీ కొత్త ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కించుకునే సామాన్యుడు రాసుకునే అర్జీ ఏమనగా.

1982లో ఇంటెల్ 80186 ప్రాసెసర్‌తో వచ్చినప్పుడు మీరు ఎంత పద్ధతిగా ఉండేవారు సామీ! పేరు బౌండ్, అర్రే ఇండెక్స్ హద్దు దాటిందో లేదో చూడటమే పని. పెద్దగా ఎవరూ పిలిచేవాళ్లు కాదు, అది వేరే సంగతి. 2013లో ఒకేసారి బోలెడు సంఖ్యల మీద లెక్కచేసే ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు ప్రకటించి, వాటి ముందు నిలబడే గుర్తుగా మీ నెత్తిన ఈవెక్స్ అని కిరీటం పెట్టారు. అసెంబ్లర్‌కేం, పేరు రాసిస్తే టేబుల్లో వెతుక్కుని బైట్లు పోసేస్తుంది, చచ్చేది డిస్‌అసెంబ్లరే. 64 బిట్ మోడ్‌లో బౌండ్‌ని తీసేశారు కాబట్టి అక్కడ మీరంటే ఈవెక్సే. 32 బిట్‌లో మాత్రం మీ తర్వాతి బైటులో పై రెండు బిట్లూ 1 అయితేనే ఈవెక్స్, లేదంటే పాత బౌండే. మీరెవరో తెలియాలంటే పక్కింటివాళ్లని అడగాలన్నమాట.

ఇక ఒక బైటు డిస్‌ప్లేస్‌మెంట్, అంటే మెమరీలో ఎంత దూరం జరగాలో చెప్పే అంకె, సంగతి. కోడ్‌లో 01 ఉంటుంది, తెరమీద 64 అని చూపించాలి, 512 బిట్ల వెక్టర్ (సంఖ్యల వరస) అంటే 64 బైట్లు కాబట్టి దాంతో హెచ్చవేయాలట. అదే 32 బిట్ల సంఖ్యల కూడికలో ఒకే సంఖ్యని వెక్టర్ అంతా పరిచే బ్రాడ్‌కాస్ట్ బిట్ వెలిగిందా, ఆ 01 కాస్తా 4 అయిపోతుంది. ఇంటి ఓనరమ్మ "రాత్రంతా లైటు వేసుకుని ఏం చేస్తావు నాయనా" అని అడిగితే ఇదే చెప్పాను. కొండకి పోయి గుండు కొట్టించుకుని రా, సర్దుకుంటుంది అంది.

టెస్టులు పాసవుతున్నాయి కదా అంటారు టీమ్‌వాళ్లు. ఎందుకు పాసవవు? అసెంబ్లర్, డిస్‌అసెంబ్లర్ ఇద్దరూ చూసేది ఒకే టేబుల్, అందులో తప్పుంటే ఒకరు తప్పు రాస్తారు, రెండోవాళ్లు దాన్నే ఒప్పని చదువుతారు. అందుకే మాన్యువల్ ముందేసుకుని బిట్లు చేత్తో లెక్కగట్టి, రావాల్సిన బైట్లు టెస్టులో విడిగా రాసుకుంటున్నా.

అంతా కొలిక్కి వచ్చిందనుకుంటుండగా 2023లో ఇంటెల్‌వాళ్లు ఏపీఎక్స్ అని ఇంకో విస్తరణ అన్నారు. మామూలు రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపల అంకెలు పెట్టుకునే అరలు) 16 నుంచి 32కి పెరిగాయి, సంతోషమే. కానీ మీ వెనకాల ఇన్నాళ్లూ కదలకుండా కూర్చున్న బిట్లకి కూడా పని అప్పజెప్పారు. అవి మారితే బ్యాడ్ అని అచ్చువేయమని మేం పెట్టిన చెక్ ఇప్పుడు నిక్షేపంలాంటి ఇన్‌స్ట్రక్షన్‌ని పట్టుకుని బ్యాడ్ అంటోంది.

కాబట్టి ఇకమీదట ఎవరు కొత్త పదవి ఇస్తామన్నా ఒప్పుకోకండి. మీతోపాటే 80186లో చేరిన 60, 61 ఇద్దరూ 64 బిట్‌లో ఖాళీగా కూర్చున్నారు, వాళ్లకి ఇప్పించండి.

ఇట్లు,
మీ పాత టేబుల్‌లో కొత్త వరస రాసుకుంటున్నవాడు