దూడ దానంతటదే బయటికొచ్చింది

పది ఆజ్ఞల్లో మిగతావాటి సంగతి అడిగితే క్రైస్తవులం కాస్త నీళ్లు నములుతాం గానీ, రెండో ఆజ్ఞ దగ్గర మాత్రం మనది నూటికి నూరు. విశ్రాంతి దినం మాటెత్తితే ఆఫీసు పని సాకు చెప్తాం. పొరుగువాడి ఇల్లు ఆశించొద్దన్న చోట గొంతు సవరించుకుంటాం. విగ్రహాలంటారా, ధైర్యంగా తలుపులు బార్లా తెరిచి వెతుక్కోమనొచ్చు. చెక్కింది లేదు, పోత పోసింది లేదు. అటక మీద కూడా లేదు. విగ్రహాలను అంతగా ఎద్దేవా చేసిన యెషయా ప్రవక్త మన ఇళ్లకు వస్తే ఒక్క మాట అనడానికి దొరక్క ఇబ్బంది పడిపోయేవాడు.

ఈ నిశ్చింతకు మూలపురుషుడు మోషే అన్న అహరోను. మోషే కొండ దిగడం ఆలస్యమైంది, జనానికి కంటికి కనిపించే దేవుడు కావాల్సి వచ్చాడు. అహరోను వాళ్ల చెవిపోగులు అడిగి తీసుకున్నాడు, పనిముట్టు పట్టి దూడను తయారుచేశాడు. తమ్ముడు వచ్చి నిలదీస్తే ఆయనిచ్చిన సంజాయిషీ నిర్గమకాండం 32వ అధ్యాయంలో ఉంది. వాళ్లు బంగారం ఇచ్చారు, నేను నిప్పులో వేశాను, ఈ దూడ అయింది. అంతే! పాపం, ఆయన ప్రమేయం ఏమీ లేదు. సంఘాల్లో లెక్కలు అడిగినప్పుడు వినిపించే జవాబులు చాలావరకు ఈ వాక్యానికి పుట్టిన పిల్లలే.

బోధకులు పెద్దగా ఆగని చోటు మాత్రం అదే అధ్యాయంలో ఐదో వచనం. దూడ ఎదుట బలిపీఠం కట్టి అహరోను ఏమని చాటించాడో తెలుసా? రేపు యెహోవాకు పండుగ అని. పొరుగు జనాల దేవుళ్లు బయలుకు కాదు, దాగోనుకు కాదు, సాక్షాత్తు యెహోవాకే. బోర్డు అలాగే ఉంచి లోపల సరుకు మార్చేశాడు. మన విగ్రహాలన్నీ ఈ ఒక్క కిటుకు మీదే బతుకుతున్నాయి. పేరు పాతదే ఉండాలి. ఆ పేరు పెట్టుకుని కూర్చున్నది మాత్రం మనం చెప్పినట్టు వినాలి.

కాఫీ కప్పునే తీసుకోండి. యిర్మీయా 29:11 ఎక్కినన్ని కప్పుల మీద ఇంకో వచనం ఎక్కి ఉండదు. మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గానీ హానికి కావు అన్న మాట అది, బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దానికి సరిగ్గా పైన పదో వచనం ఉంది. బబులోనులో 70 ఏళ్లు గడిచాకే మిమ్మల్ని వెనక్కి తెస్తానని. అంటే ఆ ఉత్తరం చదువుకున్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరు చూడకుండానే కన్నుమూస్తారు. అది కప్పు మీద వేస్తే ఎవరు కొంటారు? హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉండేవాడు, రెండేళ్లలో అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాడు. నిజానికి కప్పుకు తగ్గ ప్రవక్త ఆయనే. అబద్ధ ప్రవచనం చెప్పినందుకు ఆ ఏడాదే చనిపోయి మార్కెట్‌కు అందకుండా పోయాడు. ఏం చేస్తాం, యిర్మీయానే కత్తిరించి హనన్యా సైజుకు తెచ్చుకున్నాం.

బైబిలు వాగ్దానాల చీటీలుండే వాగ్దానాల పెట్టెదీ అదే తీరు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా సరే, సిలువ ఎత్తుకుని వెంబడించమన్న చీటీ చేతికి రాదు. అచ్చు వేసినవాళ్లు ముందే ఏరేశారు. విగ్రహాలకు నోరుండీ మాట్లాడవని కీర్తనకారుడు వెక్కిరించాడు. మనం ఇంకా ముందుకెళ్లాం, మాట్లాడే దేవుడికే ఏం మాట్లాడాలో ఏరి ఇస్తున్నాం. సాక్ష్యాల సమయంలోనూ అంతే. ఇల్లు కొన్నవాళ్లకు మైకు, ప్రమోషన్ వచ్చినవాళ్లకు మైకు. ఇల్లు పోయినా దేవుణ్ణి వదలనివాడు ఒకడు వెనక బెంచీలో ఉంటాడు, అతనికి టైము చాలదు. ధనాపేక్ష కూడా విగ్రహారాధనేనని కొలొస్సయులకు రాస్తూ పౌలు తేల్చేశాడు గానీ, అది కొలొస్సయి వాళ్ల గొడవ.

సెల్‌ఫోన్ గురించి నేనేమీ చెప్పను. ఫోనే నేటి విగ్రహం అన్న ప్రసంగాలు మనమంతా ఫోన్లోనే వింటున్నాం.

1524లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ నగరంలో ప్రొటెస్టెంట్ సంస్కరణవాదులు చర్చిల్లోని బొమ్మలు తీయించి గోడలకు సున్నం కొట్టించారు. దేవుడి వాక్యానికీ మనిషికీ మధ్య ఏదీ అడ్డు రాకూడదని వాళ్ల పట్టుదల. ఆ వారసులమే మనం. గోడ తెల్లగా ఖాళీగా ఉంది కదా అని దాని మీద పెద్ద తెర కట్టాం, తెర మీద బోధకుడి ముఖం వేశాం. ఆయన కనుబొమలు ఎగరేస్తే ఆఖరి వరసవాళ్లకు కూడా కనబడుతుంది.

ఈ విద్యలో నాకు గురుతుల్యుడు న్యాయాధిపతుల గ్రంథంలోని మీకా. కన్నతల్లి దగ్గరే 1,100 వెండి రూకలు కొట్టేశాడు. దొంగను ఆమె శపించడం చెవిన పడి తిరిగిచ్చేశాడు. ఆ వెండి యెహోవాకే ప్రతిష్ఠ అని తల్లి ప్రకటించి, అందులో 200 తీసి కంసాలికిచ్చి విగ్రహం చేయించింది. మిగతా 900 ఏమయ్యాయో గ్రంథం చెప్పదు. నిర్మాణ నిధితో పరిచయం ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు కూడా. తర్వాత ఆ దారిన పోతున్న ఒక లేవీయుణ్ణి, అంటే దేవుడి సేవకు ఏర్పరచిన గోత్రంవాణ్ణి, మీకా యాజకుడిగా పెట్టుకున్నాడు. ఏడాదికి 10 వెండి రూకలు, బట్టలు, భోజనం. ఇంట్లో లేవీయుడు ఉన్నాడు కాబట్టి యెహోవా ఇక నాకు మేలు చేసి తీరతాడని మురిసిపోయాడు. నిజమే, దేవుడి మనిషి మన జీతం తింటుంటే దేవుడు మాత్రం ఎక్కడికి పోతాడు?

కథ అక్కడితో ఆగితే బాగుండేది. దాను గోత్రంవాళ్లు 600 మంది ఆయుధాలతో వచ్చి లేవీయుణ్ణి ఒకే ప్రశ్న అడిగారు. ఒక్క ఇంటికి యాజకుడిగా ఉండటం మేలా, ఒక గోత్రమంతటికీ ఉండటం మేలా? అతని మనసు ఉప్పొంగిపోయింది. విగ్రహాన్ని కూడా సర్దుకుని వాళ్లతో నడిచాడు. పెద్ద సంఘం పిలిస్తే అందులో దేవుడి స్వరం గుర్తుపట్టడం అంత పాత విద్య అన్నమాట. మీకా వెంటపడి లబోదిబోమన్నాడు. నేను చేయించుకున్న దేవతల్ని, నా యాజకుణ్ణి పట్టుకుపోతే నాకింకేం మిగిలింది అని. అభిమాన బోధకుడు ఏదో కేసులో ఇరుక్కోగానే విశ్వాసమే పోయిందని కుమిలిపోయేవాళ్లను చూస్తే, మీకా వంశం ఇంకా వర్ధిల్లుతోందని నమ్మకం కలుగుతుంది.

మీకాది సొంత తయారీ. దానికన్నా మన్నిక గల రకం దేవుడే చేయించినది. అరణ్యంలో పాము కరిచినవాళ్లు చూసి బతకడానికి మోషే చేసిన ఇత్తడి సర్పం ఉంది కదా, శతాబ్దాల తర్వాత హిజ్కియా రాజు దాన్ని ముక్కలు కొట్టేనాటికి జనం దానికి ధూపం వేస్తున్నారు. ఒకప్పుడు అది నిజంగానే ప్రాణాలు నిలిపింది, అందుకే దాని మీద చెయ్యి వెయ్యడం అంత కష్టం. మనకూ అలాంటివి ఉన్నాయి: పాత రాగం, పాత భవనం, ఆరాధన టైము. అన్నిటికీ మించి ముందు వరస బెంచీ.

ఆ బెంచీ వీపుకు ఒక ఇత్తడి రేకు ఉంటుంది. దేవుని మహిమార్థం అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో, కింద దాత పేరు డిగ్రీలతో సహా బొటనవేలంత అక్షరాల్లో. బెంచీకి దుమ్ము పట్టినా రేకు మాత్రం మెరుస్తూ ఉంటుంది, ఎవరో శ్రద్ధగా తుడుస్తుంటారు. చక్రాల కుర్చీ పట్టడానికి దాన్ని రెండడుగులు జరుపుదామని ఎవరైనా అని చూడండి. ఎఫెసులో అర్తెమిదేవి పరువు కోసం జనం రెండు గంటలు కేకలు వేశారనీ, వాళ్లలో చాలామందికి ఎందుకు పోగయ్యారో కూడా తెలియదనీ అపొస్తలుల కార్యాల్లో చదివి నవ్వుకుంటాం. సంఘ సమావేశానికి రెండు గంటలు ఎక్కడ సరిపోతాయి! ఎఫెసులో చివరికి కరణం లేచి అందరినీ ఇళ్లకు పంపాడు. ఇక్కడ కార్యదర్శి లేచి, బెంచీ ఉన్నచోటే ఉంటుందని, చక్రాల కుర్చీని వెనక తలుపు దగ్గర పెట్టుకోవచ్చని మినిట్స్‌లో రాస్తాడు. ఆ తర్వాతి అంశం మీద చర్చే అవసరం పడదు. లోకంలో విగ్రహారాధన నశించాలని శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఏకగ్రీవంగా ఆమోదం.