పిప్పి బస్తాలు

మా మామకు మూడేళ్లుగా మోకాలి నొప్పి. బెంగళూరులో డాక్టరుకు చూపిద్దాం రమ్మంటే మూడేళ్లుగా ఏదో ఒకటి అడ్డం. ఒకసారి శెనక్కాయ విత్తనం, ఒకసారి కాయ పీకే కూలోళ్లు, ఒకసారి ఎనుము ఈనే రోజులు. చివరికి ఏప్రిల్‌లో మా ఆవిడ అలిగి అన్నం మానేస్తే కారెక్కాడు. అనంతపురం నుంచి బెంగళూరు దాకా 200 కిలోమీటర్ల పైచిలుకు దారిలో, ఎనుములు వెంట వస్తున్నాయేమో అన్నట్టు వెనక్కే చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, మాత్రలు రాసి, బరువు తగ్గమన్నాడు. "ఈ మాట చెప్పేదానికి ఇంత దూరమా? మన కూడేరులో ఎవురన్నా ఉత్తగా చెప్తారు" అన్నాడు మామ.

అసలు కథ ఆ సాయంత్రానిది. మా బామ్మర్ది అక్కడే సాఫ్ట్‌వేరు. "బావా, బ్రూవరీకి పోదాం. బీరు అక్కడే కాస్తారు, అక్కడే పోస్తారు" అని నా చెవిలో చెప్పాడు. చెవిలో ఎందుకంటే, వాళ్ల నాయన ముందు వాడు ఇప్పటికీ వక్కపలుకు కూడా నమలడు. పోనీ ఆయన్ను ఇంట్లో ఒక్కణ్ణే వదిలేద్దామా అంటే, లిఫ్టు తలుపు మూసుకుంటేనే భయపడే మనిషి. "పెద్ద హోటలు నాయనా, అందరం పోదాం" అని బయల్దేరదీశాడు.

లోపల అడుగు పెట్టగానే మామ చూపు అద్దాల వెనక నిలువెత్తు స్టీలు ట్యాంకుల మీద పడింది. గొట్టాలు, మీటర్లు, గమ్‌బూట్లు వేసుకుని నేల కడుగుతున్న కుర్రాడు.

"పాల డెయిరీలో హోటలు పెట్టినారేందిరా?"

ఔననీ కాదనీ తేలకుండా ఇద్దరం తలలూపాం.

కాసేపటికి చెక్క పలక మీద ఆరు చిన్న గ్లాసులు వచ్చాయి. అన్నీ రుచి చూసి నచ్చింది చెప్పుకోవాలట. లేత పసుపు నుంచి నలుపు దాకా వరుసగా పేర్చారు. మామ వాటిని చాలాసేపు చూశాడు. పొద్దున ఆసుపత్రి ల్యాబు కిటికీ దగ్గర దాదాపు ఇలాంటి వరుసే చూసొచ్చాం.

"ఇవి ఎవురెవురివి?" అన్నాడు మెల్లగా.

బామ్మర్ది దగ్గు ఆపుకోలేక బాత్రూమ్‌కి పోయాడు. మామ అన్నిట్లోకీ నల్లదాన్ని ఎంచుకుని "ఇది కాఫీనా అల్లుడా?" అన్నాడు. "అట్లాంటిదే మామా" అన్నాను. అబద్ధం కాదు. బార్లీని మాడీమాడనట్టు వేయిస్తే ఒక్క కాఫీ గింజ పడకుండానే స్టౌట్ అనే ఈ నల్ల బీరుకు ఆ రంగూ ఆ చేదూ వస్తాయి. మామ గుక్కలో దించి, మీసం తుడుచుకుని, "డికాషను బాగానే ఉంది గానీ చల్లారిపోయింది. ఇంకోటి చెప్పు" అన్నాడు.

నాకు గోధుమ బీరు వచ్చింది. మగ్గిన అరటిపండు వాసన, వెనకనే లవంగం. పండూ వేయరు, లవంగమూ వేయరు, రెండూ బీరును పులియబెట్టే ఈస్ట్ చేసే మాయ. ఐపీఏ అనే చేదు బీరు కూడా ఒక గుటక వేశాను. చేదు కోసం బీరులో వేసే హాప్స్ అనే పువ్వు మన వేపపువ్వుకు దగ్గరి చుట్టమని అర్థమైంది.

రెండో నల్ల గ్లాసు సగమయ్యాక మామ తల ఎత్తకుండానే అన్నాడు. "నురుగు చూసి కూడా పోల్చుకోలేననుకున్నారా? మీరు పుట్టకముందే నేను ఈతకల్లు తాగి మానేసినోన్ని. తాగండి, నా మొగం ఏమిటికి చూస్తారు."

అప్పుడే వాతావరణం కుదుటపడుతోంది, ఇంతలో పీనట్ మసాలా వచ్చింది. వేయించిన శెనక్కాయ విత్తనాలు, పైన ఎర్రగడ్డ తరుగు, పచ్చిమిరపకాయ, నిమ్మకాయ రసం. బిల్లులో 260 రూపాయలు. మామ ప్లేటు తన ముందుకు లాక్కుని ఎర్రగడ్డ ముక్కలన్నీ ఒక పక్కకు నెట్టి, విత్తనాలు చూపుడువేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. 118. తర్వాత ఆ లెక్కతో ఏదో గుణించుకున్నాడు. ఏం తేలిందో చెప్పలేదు గానీ, గ్లాసు పక్కన పెట్టేశాడు.

మా మాటలు విని గమ్‌బూట్ల కుర్రాడు దగ్గరికొచ్చాడు. హిందూపురం వాడట. మామ అడగడం, వాడు చెప్పడం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. దాన్ని బరకగా ఆడించి 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి తీపిగా మారుతుంది. ఆ తీపి నీళ్లు వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, అప్పుడు ఈస్ట్ కలుపుతారు.

"ఓస్, మొలకెత్తించి ఆరబెట్టేదేనా! మా ఇంట్లో ఆడోళ్లు పసిపిల్లలకు రాగి మాల్టు ఇట్లనే చేస్తారు" అన్నాడు మామ. ఆ తర్వాత ఆ గదిలో ఇంకెవరికీ తట్టని ప్రశ్న వేశాడు.

"వడగట్టినాక గింజలు ఏం చేస్తారు?"

"పిప్పా? పాలోళ్లు ఎత్తుకపోతారు తాతా, పశువులకు. వెయ్యి లీటర్లు కాయాలంటే 200 కిలోల గింజలు పడతాయి. రోజూ బస్తాలకు బస్తాలు మిగుల్తాంటాది."

మామ చేయి ఊతం లేకుండా లేచి నిలబడ్డాడు. మూడేళ్లలో అదే మొదటిసారి. వెనక డ్రమ్ము దగ్గరికి పోయి గుప్పెడు పిప్పి తీసి పిండాడు, వాసన చూశాడు, రెండు గింజలు నోట్లో వేసుకున్నాడు. ఊరివాడని కుర్రాడు రెండు బస్తాలు ఉత్తపుణ్యానికే ఇస్తానన్నాడు. నేను వద్దు వద్దంటున్న మాట ఎవరికీ వినపడలేదు.

మర్నాడు పొద్దున, ఇంకా 31 కంతులు బాకీ ఉన్న నా కారు డిక్కీలో రెండు యూరియా సంచులు ఎక్కాయి. నిన్న తీసిన పిప్పి. తడి పిప్పి నాలుగు కిలోలు తూగితే అందులో మూడు కిలోలు నీళ్లేనని నాకు బాగేపల్లి దగ్గర, వెనక సీటు కిందికి ఏదో పారుతుంటే తెలిసింది. తీపి ఇంకా మిగిలిన గింజ, ఏప్రిల్ ఎండ, మూసిన డిక్కీ. ముందు కాచిన జావ వాసన వచ్చింది, తర్వాత పులిసిన దోశెపిండి, ఆ తర్వాత తెల్లారి సారా అంగడి ముందు వచ్చే వాసన. మామ మాత్రం "కమ్మగా ఉంది" అంటూ నిద్రపోయాడు.

సరిహద్దు దాటగానే తనిఖీ. పక్క రాష్ట్రం మందు తెస్తున్నారేమోనని బండ్లు ఆపుతున్నారు. అద్దం దించాను. కానిస్టేబుల్ తల లోపలికి పెట్టి, పెట్టినంత వేగంగా బయటికి తీసుకున్నాడు.

"ఏం తాగినావప్పా?"

"టీ సార్."

మిషన్ తెచ్చి ఊదమన్నాడు. సున్నా. చేత్తో దాన్ని తట్టి మళ్లీ ఊదించాడు. మళ్లీ సున్నా. మిషన్ వంక అనుమానంగా చూశాడు, తర్వాత నా వంక, ఆ తర్వాత డిక్కీ వంక. తెరిస్తే రెండు బస్తాలు, వాటి కింద తేనె రంగు మడుగు, పైన ఈగలు.

"సారా ఊటనా?"

"కాదు సార్. దీన్ని ఈస్ట్ వేయకముందే తీసేస్తారు, కాబట్టి ఇందులో ఆల్కహాలు అనేది..."

"నువ్వు ఇంత వివరంగా చెప్తాంటేనే నాకు అనుమానంగా ఉంది."

అప్పటికి మామ నిద్ర లేచి దిగాడు. "ఎనుములకప్పా" అన్నాడు. ఒక్క మాటే. కానిస్టేబుల్ గుప్పెడు తీసి పిండాడు, వాసన చూశాడు. అచ్చం మామ లాగే. "పాలు పెరుగుతాయా?" అన్నాడు. ఆయనకూ రెండున్నాయట. అంతే, ఇద్దరూ చింతచెట్టు నీడకు పోయి తవుడు ధర, శెనగచెక్క ధర, వెన్న శాతం మాట్లాడుకున్నారు. నేను ఎండలో నిలబడి ఈగలు తోలాను. వదిలేటప్పుడు ఆయన నాకు ఒకే హెచ్చరిక చేశాడు. "ఒక్కసారే ఎక్కువ పెట్టొద్దు. పొట్ట ఉబ్బుతాది."

ఇంటి ముందు కారు ఆగింది. మా ఆవిడ తలుపు తీసుకుని రెండడుగులు ముందుకు వేసి, ముక్కు మూసుకుని అక్కడే ఆగిపోయింది.

"మా నాయనకు మోకాలు చూపించుకోని రా అంటే, మందు తాపించుకోని వచ్చినావా?"

నేను మామ వైపు చూశాను. కాపాడతాడని.

"నేను కాఫీ తాగినానమ్మా" అన్నాడు మామ. "వాళ్ల సంగతి నాకు తెలీదు."

కార్పెట్ రెండుసార్లు షాంపూతో కడిగించాను, కర్పూరం పెట్టాను, కాఫీ పొడి చల్లాను. ఇప్పుడు కారులో బీరు, కర్పూరం, కాఫీ మూడూ విడివిడిగా వస్తాయి. ఆఫీసులో నాతో కారులో వచ్చే ఇద్దరూ బస్సులో పోతున్నారు.

నిన్న రాత్రి మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, ఎనుములు మామూలు కుడితి మూతి పెట్టి చూసి వదిలేస్తాండాయి" అన్నాడు. కాసేపు ఆగి, "మోకాలు మళ్లా నొస్తాంది. ఆ డాక్టరు మంచోడు, హస్తవాసి ఉండాది. ఈ ఆదివారం పోయొద్దామా? నాలుగు సంచులు ఉతికి ఆరేసినా."