లారీ ఎక్కని మట్టి

ఎక్కడి మట్టితో అక్కడే ఇల్లు కట్టుకోవాలని ఈమధ్య కొందరు పనిగట్టుకుని చెబుతున్నారు. పర్యావరణానికి మంచిదట. సొంత ఇంటికి పునాది తీయించి, సగం బుద్ధి తెచ్చుకున్నవాడిగా, ఈ ప్రమాదకర ధోరణిని ఖండించడం నా బాధ్యత.

హైదరాబాద్ శివార్లలో నాకున్న రెండొందల గజాల్లో భూమిపూజ చేసి, మర్నాడే జేసీబీ పెట్టించాను. ఎర్రటి మొరం, అంటే గరుకు మట్టి, పడింది. ‘‘మస్తు మొరం సార్’’ అని మెచ్చుకుని, మేస్త్రి వెంటనే టిప్పర్‌కు ఫోన్ చేశాడు. పోయడానికి చోటు లేదు, పక్క ప్లాటువాళ్ళు ఒప్పుకోరు. ఆరు ట్రిప్పులకు కిరాయి ఇచ్చి మట్టిని సాగనంపాను. మూడు వారాలు తిరక్కుండానే బేస్‌మెంట్ నింపడానికి మొరం కావాలన్నాడు మేస్త్రి. అదే టిప్పర్ వచ్చింది. అదే డ్రైవర్. రేటు మాత్రం రెండింతలు.

‘‘ఇది మన మట్టిలాగే ఉంది కదయ్యా’’ అన్నాను.

‘‘గది తవ్వకం మట్టి సార్. గిది ఫిల్లింగ్ మొరం’’ అన్నాడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

మట్టి విలువ మట్టిలో లేదు, లారీలో ఉందని అప్పుడు తెలిసింది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే నిర్మాణ రంగమంతా అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతుంది. పొలం పైమట్టి పొలంలో ఉన్నంతకాలం ఉత్త మన్ను. లారీ ఎక్కి బట్టీకి పోయి, కాలి, మళ్ళీ లారీ ఎక్కితే ఇటుక. సున్నపురాయి తాండూరులో పడి ఉన్నంతకాలం బండ. 1450 డిగ్రీల దగ్గర ఉడికి, 50 కిలోల సంచిలో కూర్చుంటే సిమెంట్. ప్రపంచమంతా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం ఈ సిమెంటు పుణ్యమేనని గొణిగేవాళ్ళున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు, పొగ రానిదే గృహప్రవేశం కాదు.

మట్టికి ఉన్న అసలు జబ్బు, దానికి డీలర్ లేకపోవడం. ఎంఆర్‌పీ లేదు. దాని గోడను గుద్ది చూపించే క్రికెటర్ లేడు. ఓరుగల్లులో కాకతీయులు 13వ శతాబ్దంలోనే ఈ తప్పు చేశారు. రాతికోట చుట్టూ మట్టికోట పెట్టారు. కందకం తవ్వారు, దాని పక్కనే గోడ లేపారు, ఒక్క బండికి కిరాయి పుట్టించలేదు. అది ఏడొందల ఏళ్ళకు కూడా చాలామేర నిలిచే ఉండటం కాంట్రాక్టర్ల పొట్ట కొట్టడమే.

మా అవ్వవాళ్ళది అనంతపురం జిల్లాలో మట్టిమిద్దె. మూరెడు దాటిన గోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, పైన చవుడు, అంటే చవిటిమన్ను. వానలకు ముందు మా తాత మిద్దెనెక్కి నాలుగు గంపల చవుడు పోయించి తొక్కించేవాడు, మరమ్మతంతా అంతే. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంటే చెమట దానంతటదే ఆరేది. కరెంటు శాఖకు ఆ ఇంటివల్ల ఎంత నష్టమో ఎవరూ లెక్కగట్టలేదు. సర్కారు కాగితాల్లో దాని పేరు కచ్చా ఇల్లు. పోయినేడాది ఒక రిసార్టులో అచ్చం అలాంటి గదిలోనే ఒక రాత్రి పడుకున్నాను. పేడతో అలికిన గోడ, గోడకు ఏసీ. దాని పేరు ఎర్త్ కాటేజ్. రెంటికీ తేడా ఏమిటో పొద్దున బిల్లు వచ్చాక తెలిసింది.

ఇంతటితో పోనిస్తే బాగుండు, మట్టివాదులు ఇప్పుడు శాస్త్రం కూడా తెచ్చారు. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో 1989 నుంచి మట్టి కట్టడాల కోసమే ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి నడుస్తోంది. జల్లించిన మట్టిలో 5 శాతం మేర సిమెంట్ కలిపి, ప్రెస్సులో గట్టిగా నొక్కి, నాలుగు వారాలు ఆరిపోకుండా తడుపుతారు. ఇటుక తయారు. బట్టీ లేదు, కట్టెలు లేవు. మట్టిలో బంక ఎక్కువుంటే ఇసుక కలుపుతారు. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి మాత్రం అంత సులువుగా లొంగదు, దానికి సున్నం పెట్టాలి. ఈ ఇటుకలకు ఐఎస్ 1725 అని భారతీయ ప్రమాణం ఉంది, 2013లో సవరించారు కూడా. మా ఇంజినీరుకు ఆ మాట చెప్పాను.

‘‘ఐఎస్‌లకేం సార్, బోలెడుంటాయి. లోన్ రాదు’’ అన్నాడు.

మట్టికి నీళ్ళంటే భయం, నిజమే. నెత్తిన బారెడు చూరు, కాళ్ళ కింద రాతి అరుగు ఉంటే ఆ భయం చాలావరకు తీరుతుందంటారు. కానీ చూరు దించితే కారు పట్టదు. అరుగు కడితే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

బేస్‌మెంట్ నింపిన వారానికి వాన పడింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే, కొన్న మొరంలో ఒక మూల పచ్చగా మొలకలు. పెసలు, ఉలవలు. పక్కనే సగం కొబ్బరిచిప్ప, పసుపు గుడ్డ పీలిక. మా భూమిపూజ నవధాన్యాలే. ఈశాన్యంలో పోస్తే ఊరు తిరిగొచ్చి ఆగ్నేయంలో మొలిచాయి. దోషమేమైనా ఉందా అని పంతులుగారికి ఫోన్ కలుపుతుండగానే మేస్త్రి వాటిని పీకేసి కాంక్రీటు పోయించాడు.