గడియారం సెంటర్ ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి నమస్కరించి రాయునది,

నల్లగొండ నడిబొడ్డున తాళ్ళకు వేలాడుతూ కూడా చిరునవ్వు చెదరనివ్వని మీరు క్షేమమని తలుస్తాను. మొన్నటి గాలికి మీ ఎడమ అంచు చిరిగి మా వార్డు నాయకుడి చెవి ఊడిపోయింది. నేను అతికించిన చెవే కనుక కాస్త బాధ కలిగింది.

డిజిటల్ ఆర్టిస్టును అవుతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "అంటే ఫ్లెక్సీలు చేస్తావా?" అని మాత్రం అడిగారు. మా చుట్టాల్లో ఈ కళకు మీరు తప్ప మరో రూపం తెలియదు. యానిమేషన్, ఆటల్లో పాత్రలు, పిల్లల పుస్తకాల బొమ్మలు అని నేను వివరిస్తుంటే మా మామయ్య ఓపికగా విని, "నా షష్టిపూర్తికి పది బై ఎనిమిది ఒకటి చేసిపెట్టు" అన్నారు.

ముందుగా తొంభై రోజుల్లో నిపుణుణ్ణి చేస్తామన్న ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. ఫోటోషాప్‌లో ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పారు. ఎందుకు నొక్కాలని అడిగితే, అది పై కోర్సు, ఫీజు వేరు అన్నారు.

దానికంటే మీ దుకాణమే నయం. వాట్సాప్‌లో వచ్చిన తపాలా బిళ్ళంత ఫోటోను పది అడుగులకు సాగదీస్తే ముఖం గచ్చు పలకల్లా విడిపోతుందని అక్కడే చూశాను. తెర మీద మెరిసిన గులాబీ రంగు నాలుగు సిరాల్లోంచి బయటికొచ్చేసరికి ఎందుకు వాడిపోతుందో కూడా అక్కడే తెలిసింది. ఒకసారి ఒక పెద్దమనిషి నా కుర్చీ వెనక నిలబడి, పక్కవాడి తల కంటే తన తల వేలెడు పెద్దది చేయమన్నాడు. చేశాను. గంట తర్వాత పక్కవాడు వచ్చాడు. సాయంత్రానికి ఇద్దరి తలలూ పెరిగి పెరిగి, పుట్టినరోజు నాయకుడు వాళ్ళ సందులోంచి తొంగిచూడాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గరి జేఎన్ఏఎఫ్ఏయూ అనే కళల విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ బీఎఫ్ఏ, అంటే లలితకళల డిగ్రీ, ఉంది, యానిమేషన్ కూడా ఉంది. ప్రవేశ పరీక్షలో కాగితమిచ్చి, జ్ఞాపకం నుంచి బొమ్మ గీయమంటారు. మీ దగ్గర రెండేళ్ళు తలలు మార్చిన నాకు మనిషి చేతులు గీయడం రాదని అప్పుడు తెలిసింది. మన తెల్లచొక్కా మొండేలన్నీ దండం పెట్టుకునే వస్తాయి కదా!

అందుకే ఆదివారాలు పెన్సిల్ పట్టుకుని పానగల్లు వెళ్తున్నాను. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు జరిగినా లింగం మీది స్తంభం నీడ జరగదు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలపు శిల్పులు స్తంభాల మధ్యనుంచి వెలుతురును అలా రప్పించారు. మీలో ఇరవై మంది ఉంటే నీడలు ఇరవై దిక్కులకు పడతాయి. అన్ని సూర్యులు నల్లగొండ ఎండాకాలంలో కూడా ఉండరు. ఆ ఒక్క నీడ కోసం మూడు వారాలుగా రబ్బరు అరగదీస్తున్నాను, ఇంకా మసి మరకలాగే వస్తోంది.

కోపగించుకోకండి, దరఖాస్తు రుసుము మామయ్య షష్టిపూర్తి నుంచే రావాలి. మిమ్మల్ని దించాక ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లకుప్ప మీద కప్పడానికి తెమ్మని నాన్న ముందే చెప్పి పెట్టారు. ముఖాలు లోపలి వైపుకు వచ్చేలా కప్పమంటాను.

ఇట్లు,
మీ కింది మూలన దుకాణం పేరు, ఫోను నంబరు ఉన్న చోట లేని మనిషి