సమన్వయం ఎందుకు, పులిహోర ఉండగా?

వరదలొచ్చినప్పుడు సహాయ సంస్థల మధ్య సమన్వయం లేదని కొందరు మేధావులు తెగ బాధపడిపోతుంటారు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర ఒకేసారి పోటెత్తి కర్నూలును, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అలంపూర్ ప్రాంతాన్ని ముంచి, శ్రీశైలం మీదికి సుమారు 25 లక్షల క్యూసెక్కులతో వచ్చిపడ్డాయి కదా, ఒక్క మీటింగ్ పెట్టుకున్నాయా? సమన్వయం అంటే అదీ.

మనవాళ్లూ తక్కువేం కాదు. తారురోడ్డు పక్క ఊరికి పొద్దున ఒక సంస్థ పులిహోర తెస్తుంది, పదింటికి ఇంకో సంస్థదీ పులిహోరే, మధ్యాహ్నం యువజన సంఘం ఏం తెస్తుందో వేరే చెప్పాలా? ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఇంత ఐకమత్యం! ఎవరో అవ్వ నాలుగో పొట్లం చేతిలో పట్టుకుని "తాగేతందుకు మంచినీళ్లున్నయా బిడ్డా?" అని అడిగిందనుకోండి, అది అజెండాలో లేని ప్రశ్న. రోడ్డు తెగిన అవతలి ఊరికి ఎవరూ పోలేదంటారా, అక్కడ ఫ్లెక్సీ కట్టడానికి స్తంభం కూడా మిగల్లేదు, పోయి ఏం చేస్తారు?

ఇక పాత బట్టల మూటలు. రాజోలి సంగతే తీసుకోండి, గద్వాల చీరలు నేసే ఊరు, ఆ వరదలో మునిగింది. మగ్గం గుంటలో ఒండ్రు నిండి, నూలూ పట్టూ బురదపాలైన నేత కుటుంబానికి చిరుగుల పాలిస్టర్ చీర దానం చేయాలంటే ఎంత పెద్ద మనసుండాలి! వాళ్లకు కావాల్సింది గుంట తోడిపోసే నలుగురు మనుషులు, మళ్లీ మగ్గం ఎక్కేదాకా ఇల్లు గడిచే డబ్బు. అవి ఫొటోలో సరిగ్గా పడవు.

2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్‌నే అధ్యక్షుణ్ణి చేసింది. ఎవరు, ఎక్కడ, ఏం పంచుతున్నారో ఆ ఆఫీసులో ఒక్క కాగితం మీద రాయిస్తే సగం గోల తీరుతుంది, కానీ రాస్తే మన ఊరు పక్క సంస్థకు పోతుందేమోనని టెన్షన్. ఐక్యరాజ్యసమితి వాళ్లు కూడా అదే ఏడాది నీళ్లకు ఒకరు, నీడకు ఒకరు, వైద్యానికి ఒకరు బాధ్యులుగా ఉండాలని క్లస్టర్ల పద్ధతి తెచ్చారు. పాపం, బ్యానర్లకు ఒక క్లస్టర్ పెట్టాలని తట్టలేదు.

కాబట్టి నా సూచన. ఈసారి వానాకాలానికి ముందే సమన్వయ కమిటీ వేసి, వచ్చిన ప్రతి సంస్థకూ కన్వీనర్ పదవి ఇచ్చేయండి. ఉత్త సభ్యుడిగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోరు గనుక, ఆ ఖాళీల్లో వరద బాధితుల్ని వేసుకుంటే సరి, వాళ్లెలాగూ లైన్లో నిలబడే ఉంటారు.