ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న పిల్లాణ్ణి తిట్టే ముందు

పరీక్షలు దగ్గరపడితే చాలు, ఇంటింటా ఇదే గొడవ. చెవుల్లో అవి పెట్టుకుని ఏం చదువుతావురా అని అమ్మ, పాట ఉంటేనే బుర్రకెక్కుతుందమ్మా అని కొడుకు. నన్నడిగితే అమ్మ మాటే కరెక్టు. కాకపోతే ఆవిడ తిట్టాల్సింది వాణ్ణి కాదు.

ముందు పాట సంగతి తేల్చేద్దాం. గ్రూప్స్‌కి చదివే కుర్రాడు శ్రీముఖుడు, కృష్ణుడు, మొదటి శాతకర్ణి అంటూ శాతవాహనుల వరస లోలోపల వల్లె వేసుకుంటుంటాడు. అదే సమయంలో చెవిలో తెలుగు పాట మోగుతుంటే మూడో రాజు దగ్గరికి వచ్చేసరికి నోట్లో పల్లవి ఆడుతుంటుంది. మాటలు మాటలకే అడ్డం. మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ బాడ్లీ వాళ్లు 1980ల్లోనే ఈ విషయం పరీక్షించి చూశారు, అంకెల వరస గుర్తుపెట్టుకోవడాన్ని వట్టి వాయిద్యం కంటే మాటలున్న పాటే ఎక్కువ చెడగొట్టింది. నాకిష్టమైన పాటైతే ఏం కాదు అనే వాదన కూడా 2011లో వేల్స్‌లో జరిగిన ప్రయోగంలో తేలిపోయింది: నచ్చిన పాటైనా నచ్చని పాటైనా నిశ్శబ్దంలో గుర్తున్నంత గుర్తులేదు.

పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ స్వరాలు వింటే తెలివి పెరుగుతుందన్నారు కదా అంటారు కొందరు. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ప్రయోగం 36 మంది కాలేజీ విద్యార్థులతో చేసింది, వాళ్లు పది నిమిషాలు విన్నది కూడా పరీక్షకు ముందే తప్ప రాస్తూ కాదు, ఆ లాభం పావుగంటకు మించి నిలవనూ లేదు. ఆ మాత్రం దానికే అమెరికాలో జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం ఇప్పిస్తానని బడ్జెట్ అడిగాడు! రికార్డు రాసుకునేటప్పుడో, బొమ్మలు వేసేటప్పుడో వీణో వేణువో పెట్టుకుంటే పెద్ద నష్టం లేదు, అంతవరకు ఒప్పుకుంటాను.

అసలు వాడు పాట ఎందుకు పెట్టుకున్నాడో ఎవరైనా అడిగారా? రెండు గదుల పోర్షన్, ముందుగదిలో సీరియల్, వంటింట్లో మిక్సీ, కిటికీ బయట ఆగి ఉన్న ఆటో, సందు చివర ఫంక్షన్ హాల్లో డీజే. ఈ మోతలో వాడికి దొరికే నిశ్శబ్దం ఎక్కడా లేదు కాబట్టి, తనకు తెలిసిన మోతతో తెలియని మోతను కప్పుకుంటున్నాడు. పాట మానెయ్ అనడం తేలిక, ముందు టీవీ కట్టెయ్యాలి కదా.

టీవీ సరే, వీధి మాటేమిటి? శబ్ద కాలుష్య నిబంధనలు వచ్చింది 2000లో. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు మోగకూడదు. మరి మార్చిలో, ఇంటర్ పరీక్షల మధ్య, ఏ పార్టీ ఊరేగింపు, ఏ పెళ్లి బరాత్ ఈ లెక్క చూసుకుంది? పోలీసులకు ఫోన్ చేసినవాడు కాలనీలో విలన్ అవుతాడు.

అందుకే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో స్టడీ హాళ్లు పుట్టుకొచ్చాయి. ప్లైవుడ్ అడ్డం పెట్టిన చిన్న బల్ల, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్, నెలకింత అని ఫీజు. అంటే నిశ్శబ్దం అద్దెకు దొరుకుతోందన్నమాట, డబ్బున్నవాడికి. లేనివాడు పొద్దున్నే చిక్కడపల్లి గ్రంథాలయంలో సీటు కోసం పరిగెత్తాలి. జిల్లాల్లో అదీ కష్టమే, చాలాచోట్ల గ్రంథాలయమంటే నాలుగు పేపర్లు, రెండు బెంచీలు, సాయంత్రానికి తాళం.

డబ్బుల్లేవనకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పడుతుంది. మీరూ నేనూ కడుతూనే ఉన్నాం. వసూలు చేసిన మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చెయ్యకుండా బకాయి పెట్టడం ఏళ్ల తరబడి నడుస్తున్న కథే. 1901లోనే, నిజాం రాజ్యంలో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అని గ్రంథాలయం పెట్టుకున్న జాతి మనది. కొత్తగా కట్టమని కూడా అడగట్లేదు, ఉన్న గ్రంథాలయాన్ని పరీక్షల మూడు నెలలైనా రాత్రి పది దాకా తెరిచి, లైట్లు వేసి, ఒక మనిషిని కూర్చోబెట్టమంటున్నాం. ఈసారి ఓటడగడానికి మైకు పెట్టుకుని మీ సందులోకి వచ్చినవాణ్ణి, ముందు ఆ మైకు ఆపించి, ఆ సెస్సు ఎటు పోయిందో అడగండి.