పాస్ మెడలో వేసుకున్నవాడికి భద్రతతో పని లేదా?

భోగాపురం విమానాశ్రయం మాట మొదలైనప్పటి నుంచి దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం కుర్రవాళ్ల ఫోన్లలో ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. నాకే నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: విమానాశ్రయంలో చిన్న ఉద్యోగమైనా హాయి, భద్రత తుపాకీ పట్టుకున్నవాళ్ల పని, లోపలికి వెళ్లనిచ్చే గుర్తింపు పాస్ మెడలో ఉంటే ఎవరూ అడగరు, తొమ్మిది సీట్ల విమానం దిగే చోట ప్రమాదమే ఉండదు, శిక్షణ సంతకం కోసమే.

నేను రాయగడలో పుట్టినవాణ్ణి. పద్నాలుగేళ్లుగా ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పని చేస్తున్నాను. ఆ సందేశం చదివి నాకు భయమేసింది. దాన్ని నమ్మి పనిలో చేరబోయేది మన ఇళ్ల పిల్లలే.

మొదటిది, భద్రత తుపాకీవాళ్ల పని అన్నమాట. జవాను ప్రయాణికుణ్ణి, అతని చేతిసంచిని చూస్తాడు. ఆ తర్వాత సామాను విమానంలోకి ఎక్కించేది, క్యాబిన్ తుడిచేది, భోజనాల ట్రాలీ తెచ్చేది మనం. సీటు కింద ఎవరిదో తెలియని సంచి ఉంటే ముందుగా కంటపడేది తుడిచేవాడికే. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలి 329 మంది పోయారు. బాంబున్న పెట్టె విమానం ఎక్కింది, దాన్ని అప్పగించినవాడు ఎక్కలేదు. అదే రోజు జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో మరో పెట్టె పేలింది. అక్కడ చనిపోయిన ఇద్దరూ సామాను మోసే కార్మికులు. మనలాంటివాళ్లు. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని పెట్టె వెతికి దించడం ఎందుకో, దానికోసం విమానం ఆగినా ఎందుకు ఫరవాలేదో ఇంతకంటే వివరంగా చెప్పాలా?

ఇక పాస్ సంగతి. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. మన ఊళ్ల అలవాటు నాకు తెలుసు. రాయగడ నుంచి విశాఖకు ఆవకాయ జాడీ, మందుల పొట్లం, పెళ్లి శుభలేఖలు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపడం మనకు చిన్నప్పటి నుంచి మామూలే. ఆ చనువే విమానాశ్రయం గేటు దాకా వస్తుంది. ఒకసారి సెలవుకు ఇంటికి వెళితే దూరపు చుట్టం ఒకాయన, నేను మావయ్యా అని పిలిచే మనిషి, గోధుమరంగు టేపు చుట్టిన పొట్లం తెచ్చాడు. టేపు మూడు వరసలు, ముడి ఎక్కడా కనబడదు. "ఏరా, నువ్వు అక్కడే కదా పని చేసేది. ఇది తనిఖీ లేకుండా లోపలికి చేర్చు. మా వాడు లోపల తీసుకుంటాడు" అన్నాడు. లోపల ఏముందని అడిగితే "నీకెందుకురా, ఇంటి వస్తువు" అన్నాడు. "తనిఖీ లేకుండా నేను నా అన్నం డబ్బా కూడా తీసుకెళ్లలేను మావయ్యా" అన్నాను. ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అందులో నిజంగా పచ్చడే ఉండి ఉండవచ్చు. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి గంజాయి ఎలా బయటికి వెళుతుందో తెలిసిన ప్రాంతం మనది, ఆ పొట్లాన్ని నేను ఏ నమ్మకంతో పట్టుకోవాలి?

2016 ఫిబ్రవరిలో సోమాలియా రాజధాని మొగదిషు నుంచి బయలుదేరిన ఒక విమానం గాలిలో ఉండగా ల్యాప్‌టాప్‌లో దాచిన బాంబు పేలి పక్కన రంధ్రం పడింది. బాంబు తెచ్చినవాడు తప్ప మిగిలినవాళ్లు బతికి దిగారు. ఆ ల్యాప్‌టాప్ అతనికి తనిఖీ దాటాక అందింది. అందించినవాళ్లలో విమానాశ్రయ ఉద్యోగి ఉన్నట్టు కెమెరాల్లో కనబడింది. పాస్ ఉన్నవాణ్ణి ఎవరూ అడగరన్న నమ్మకం మీదే అలాంటి పథకాలు నడుస్తాయి. అందుకే మీ వెనకే తలుపులోంచి దూరబోయే మనిషి రోజూ టీ కలిసి తాగేవాడైనా సరే, అతని పాస్ అతనే చూపించాలి. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకోకండి.

చిన్న విమానం, చిన్న ప్రమాదం అంటారా? జయపురం మార్గంలో తిరిగిన సెస్నా కారవాన్‌కు ముందు ఒకే ప్రొపెల్లర్ ఉంటుంది. అది జోరుగా తిరిగేటప్పుడు రెక్కలు కంటికి ఆనవు, అక్కడ ఖాళీ ఉన్నట్టే ఉంటుంది. పైగా చిన్నచోట మనుషులు తక్కువ. టికెట్ చూసిన కుర్రవాడే సామాను మోసి, చక్రాలు కదలకుండా చాక్స్, అంటే అడ్డుదిమ్మలు, పెట్టాల్సి రావచ్చు. ఒక పని నుంచి ఇంకో పనికి పరుగెత్తేటప్పుడే కాలు తప్పు చోట పడుతుంది. ఇక పెద్ద చోటైతే, 2015 డిసెంబరు 16న ముంబైలో హైదరాబాద్ బయలుదేరబోతున్న విమానం ఇంజిన్ ఒక టెక్నీషియన్‌ను లోపలికి లాగేసింది. అనుభవం లేనివాడు కాదు. సైగ పొరపాటుగా అర్థమైంది, అంతే. విమానం మీద ఎర్ర దీపం తిరుగుతుంటే దగ్గరికి పోవద్దని శిక్షణలో మొదటి రోజే చెబుతారు. ఆ సందేశం "సంతకం కోసం" అన్న శిక్షణ అదే.

అదే శిక్షణలో నేల మీద పడిన వస్తువుల గురించి కూడా చెబుతారు. నా జాకెట్ జేబులో ఎప్పుడూ ఒక చిన్న గుడ్డ సంచి ఉంటుంది. మొన్న షిఫ్టు చివర దాన్ని దులిపితే ఒక బోల్టు, ట్రాలీ చక్రం నుంచి ఊడిన రబ్బరు ముక్క, సంచి తాళపు ముక్క, రెండు పెన్ను మూతలు పడ్డాయి. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం టైరు పగలడానికి కారణం, అంతకు ముందు వెళ్లిన విమానం నుంచి రన్‌వే మీద పడిన మూరెడు లోహపు పట్టీ. ఆ విమానం కూలి 113 మంది పోయారు.

సందేశంలో లేని విషయం ఒకటుంది. ఉద్యోగం మానేసేవాళ్లకు అది తెలియాలి. 1987 డిసెంబరు 7న కాలిఫోర్నియాలో పని నుంచి తీసేసిన ఒక ఉద్యోగి, తిరిగి ఇవ్వని గుర్తింపు కార్డుతో తనిఖీ తప్పించుకుని తుపాకీతో విమానం ఎక్కాడు. ఆ విమానం కూలి 43 మంది చనిపోయారు. కాబట్టి మా దగ్గర ఎవరు పని మానేసినా చివరి రోజున నేనే వెంట వెళ్లి పాస్ అప్పగింపజేస్తాను. గుణుపురం కుర్రవాడు ఒకడు జ్ఞాపకంగా ఉంచుకుంటానని అడిగాడు. తాడు ఉంచుకోమని, కార్డు ఇచ్చి రసీదు తీసుకోమని చెప్పాను.